మీటరు మాట విన్న మా మేడమ్

మా ఏఈ మేడమ్ పోయారని మొన్న ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. రిటైరయ్యాక కూడా ఆవిడను మేమంతా అలాగే పిలిచేవాళ్లం. కరెంటాఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన నాకు పని నేర్పింది, అక్కడ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న ఆవిడే. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ గొప్పే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఇంటింటి మీటరు రీడింగులు నెలనెలా కంప్యూటర్లోకి ఎక్కేవి. బిల్లు వేశాక వాటి మొహం చూసేవారు లేరు. ఏ ఇంట్లో వాడకం మునుపటికంటే తేడాగా ఉందో పట్టుకునే ప్రోగ్రాం మేడమ్ స్వయంగా రాశారు. మొదట్లో అది ఒక్కో ఇంటి కోసం పాత ఫైలంతా మొదటినుంచీ వెతికేది. సాయంత్రం పెట్టి వెళ్తే పొద్దుటికీ తెమిలేది కాదు.

"చదివిందే మళ్లీ మళ్లీ చదివిస్తున్నామండీ, పాపం," అని నవ్వి, పాత రీడింగుల్నీ కొత్తవాటినీ ఒకే సర్వీసు నంబర్ల వరుసలో పేర్చి, రెండింటినీ పక్కపక్కనే నడిపించారు. ఈసారి మా టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోగా పని ముగిసింది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి!

"పక్కింటితో పోల్చకండి. ఆ ఇంటిని ఆ ఇంటితోనే పోల్చండి," అనేవారు.

అలా పోల్చినప్పుడే కొల్లేటి లంకలో ఒక ఇల్లు తెరమీద కనిపించింది. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు. వాడకం మాత్రం నెలనెలా పెరుగుతోంది.

"మీటరు పాడయ్యుంటుంది, మార్పించేద్దామండీ," అన్నారు మా పై అధికారి.

"ముందు చూసొస్తానండీ," అని మేడమ్ లైన్‌మన్‌నీ నన్నూ జీపెక్కించారు.

మమ్మల్ని చూసి ఆ ఇల్లాలు హడలిపోయింది. "దొంగ కరెంటు కాదండీ, ఒట్టండీ!"

"అందుక్కాదమ్మా. ఒక్కసారి అన్నీ ఆపెయ్యండి," అన్నారు మేడమ్.

అన్నీ ఆపినా మీటరులో చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు గుమ్మంలో ఉన్న ఆమె కూతురు అంది: "స్నానాల గది గోడ ముట్టుకుంటే జివ్వుమంటందండీ. చెప్తే అమ్మ నమ్మట్లేదండీ."

మేడమ్ ఆ పిల్లను చప్పున దగ్గరకు లాక్కున్నారు. లైన్‌మన్ కరెంటు తీసేసి చూశాడు. వైరు పైతొడుగు ఊడిపోయి, ఇన్నాళ్లూ తడిగోడలోకి కరెంటు దిగుతూ వచ్చింది.

"ఇంకో వాన పడితే పిల్ల దక్కేది కాదండీ," అన్నాడు. ఆ తల్లి మేడమ్ చేతులు పట్టుకుని వదల్లేదు.

దగ్గరుండి కొత్త వైరు వేయించాకే కదిలారు మేడమ్. తిరిగొస్తూ కొల్లేటి గట్టు మీద జీపు ఆపించారు. అప్పటిదాకా గంభీరంగా ఉన్న మనిషి కిందికి దిగి, "మన ప్రోగ్రాం పనిచేసిందండోయ్!" అని గట్టిగా అరిచారు. నీళ్లలోని కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. చీరకొంగు నడుముకు దోపుకుని, అవి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు.