కుడి చెవి కోసం నర్సీపట్నం ప్రయాణం

ఉదయం ఏడున్నరకు కోటవురట్లలో నర్సీపట్నం బస్సెక్కాను. కుడిపక్కకు ఒత్తిగిలినా, తల పైకెత్తినా నాకు లోకం గిర్రున తిరుగుతోంది. దుకాణాలకు పేర్లు రాసే పని నాది. మా ఆవిడ రూతమ్మ నిచ్చెనను పక్కింట్లో దాచేసింది. ఇది తగ్గకపోతే కుంచె వదిలెయ్యాల్సిందేనని భయం పట్టుకుంది.

నర్సీపట్నం వెళ్లడం ఇది రెండోసారి. చెవి లోపల సన్నటి రేణువులు దారి తప్పాయని, ఇంట్లో మంచం మీద చేసే వ్యాయామంతో సర్దుకుంటాయని వారం కిందట డాక్టరమ్మ చెప్పారు. నా ఎదుటే బల్ల మీద పడుకుని చేసి చూపించారు. వారమంతా బుద్ధిగా చేశాను. పిసరంత కూడా తగ్గలేదు.

మలుపుల దగ్గర ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"ఏటి బాబూ, ప్రార్థన సేస్తన్నావా?" అంది పక్కనున్న పెద్దావిడ.

"తల తిరుగుతోందమ్మా."

"అయితే కిటికీ కాడ నువ్వు కూకో, బేగి," అని లేచి చోటిచ్చింది. చీర కొంగు మాత్రం తనవైపు లాక్కుంది.

ఎనిమిదింపావుకి దిగాను. రెండిడ్లీలతో సరిపెట్టుకుని ఆసుపత్రికి వెళితే తొమ్మిదిన్నరకు పిలుపొచ్చింది. ఎలా చేస్తున్నానో చూపించమన్నారు డాక్టరమ్మ. భుజాల కింద దిండు పెట్టుకుని, తల ఎడమకు తిప్పి వెల్లకిలా పడుకున్నాను.

"బాధ కుడి చెవిలో కదండీ, ఎడమకు తిప్పుతున్నారేంటి?"

"మీరు కుడికే తిప్పారమ్మా. నేనే తిరగేశాను."

అద్దాల తలుపుల మీద మేము లోపలివైపు నుంచి అక్షరాలు తిరగేసి రాస్తాం, అప్పుడే బయటివాళ్లకు సరిగా కనిపిస్తాయి. ఎదురుగా ఏది కనిపించినా కుడిని ఎడమ చేసెయ్యడం నాకు అలవాటైపోయింది. ఆ మాట చెబితే ఆవిడ పగలబడి నవ్వారు.

తర్వాత తానే నా తల కుడికి తిప్పి పడుకోబెట్టారు. గది గింగిరాలు తిరిగింది. అది ఆగాక తల ఎడమకు తిప్పి, ఒళ్లంతా ఎడమకు దొర్లించి, మెల్లగా లేపారు. ఒక్కో చోట అరనిమిషం పైనే ఆపారు. నిచ్చెన మాత్రం తాను చెప్పేదాకా ఎక్కొద్దన్నారు. నాలా తల తిరిగి ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు నా మాట ఒకటే: తోడు తీసుకెళ్లండి. ఏ చెవో, ఏ పక్కో ముందే అడిగి రాసుకోండి.

పదకొండున్నరకు తిరుగు బస్సు ఎక్కాను.

"ఈ సంచి కాస్త పైనెట్టు బాబూ, నాకందట్లేదు," అంది ఒకామె.

ఆలోచించకుండా సంచి అందుకుని తలెత్తేశాను. ఎత్తాక గుర్తొచ్చి ఒక చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఏమీ తిరగలేదు. బస్సు కప్పు అంచున ఎవరో ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కోటీ చదివాను. వంకర రాతే, అయినా అంత అందమైన రాత నేనెప్పుడూ చూడలేదు.

"ఏటైంది బాబూ, బరువా?"

"కాదమ్మా," అన్నాను. కళ్లు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు.