పదకొండు గంటల సినిమాలో అయిదోవాడు

థిర్జా స్టాథర్స్ నా దుకాణం ముందు నిలబడినన్ని రోజులూ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. హల్ రేవు పక్కన హెస్సిల్ రోడ్డులో నాకు టెలివిజన్ల దుకాణం ఉండేది. అరవై ఆరు నాటి మాట. పొద్దున బడిపిల్లల పాఠాలు, మధ్యాహ్నం గుర్రప్పందాలు, సాయంత్రం పిల్లల బొమ్మలాట, ఆరింటికి వార్తలు, అన్నీ అయ్యాక రాణిగారి గీతం. నా రోజంతా ఆ వరసలోనే నడిచేది. ఏమీ లేని వేళల్లో గీతలూ వలయాలూ ఉన్న బొమ్మ ఒకటి తెర మీద పడి ఉండేది. కొత్తగా వచ్చిన రెండో చానల్‌లో మాత్రం, మాలాంటి దుకాణాలవాళ్లు సెట్లు సరిచూసుకోవడానికని పగటిపూట చిన్న సినిమాలు వేసేవారు. వేసినవే మళ్లీ మళ్లీ వేసేవారు. నాకైతే చూసి చూసి ఒళ్లు మండేది.

వాటిలో చేపల రేవు మీద ఎప్పుడో తీసిన పాతది ఒకటి రోజూ పదకొండింటికి వచ్చేది. అందులో ఒక ఓడ రేవు దాటి వెళుతుంది. డెక్కు మీద నలుగురు మనుషులు మనకి వీపు పెట్టి నిలబడి ఉంటారు. ఎడమ చివరివాడు థిర్జా మొగుడు ఏమోస్. ఆ సినిమా తీసిన ఏడాదే ఓడ ఐస్‌లాండ్ అవతల మునిగిపోయింది. నలుగురిలో ఒక్కడూ మిగల్లేదు.

థిర్జా పద్నాలుగో ఏట నుంచీ వలలు అల్లుతోంది. ఏమోస్ పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చిన పాస్టరు గారికి రొట్టె పుడ్డింగు పెట్టి, "తినండి, ఆ మాటలు మాత్రం వద్దు" అన్న మనిషి. కొడుకు నెవిల్‌ని ఒంటిచేత్తో పెంచింది. టీ విరామంలో ఏప్రన్‌తోనే వచ్చి, తారు వాసన కొట్టే చేతులు వెనక్కి కట్టుకుని, దుకాణం కిటికీ అద్దం ముందు నిలబడి మొగుడి వీపు చూసుకుని వెళ్లిపోయేది.

"లోపలికి రావచ్చుగా థిర్జా. గాజు మీద నీ ఊపిరి తుడవలేక చస్తున్నాను," అనేవాణ్ణి.

"గాజు నీది, ఊపిరి నాది. తుడుచుకో."

అక్టోబరులో ఒక సోమవారం ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"హోరేస్, డెక్కు మీద ఎంతమంది?"

"నలుగురు. ఎప్పుడూ నలుగురే."

"అయిదుగురు."

నాకు నవ్వొచ్చింది. "చచ్చినవాళ్ల పక్కన కొత్తవాడు ఎలా చేరతాడు? అది ఫిల్ము, దారిలో ఎక్కడానికి బస్సు కాదు."

"రోజంతా వల కన్నులు లెక్కపెట్టేదాన్ని. నాకు లెక్క నేర్పకు. అయిదోవాడు ఏమోస్ పక్కన నిలబడ్డాడు. మా నెవిల్ అంత పొడుగు."

నెవిల్‌కి పందొమ్మిదేళ్లు. ఆ గురువారమే మొదటిసారి ఓడెక్కుతున్నాడు. దాంతో నాకు విషయం అర్థమైంది, తల్లి మనసు కదా అనుకున్నాను. కాని మంగళవారం ఆమె, "వాడు తిరుగుతున్నాడు, చెవి కనబడింది," అంది. బుధవారం, "దవడ కనబడింది. మొహం పూర్తిగా తిరిగేలోపు మావాణ్ణి ఆపాలి," అంది. నేను కళ్లు చిట్లించి చూశాను. నాకు నలుగురే కనిపించారు. అయినా ఆ రెండు రోజులూ సినిమా అయ్యేదాకా తెర ముందు నుంచి కదల్లేదు, ఎందుకో తెలియదు.

నెవిల్‌ని బతిమాలింది. వాడు, "టెలివిజన్‌లో చూసి భయపడి మానేశానంటే రేవంతా నవ్వుతుందమ్మా," అని సంచి సర్దుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం పోటుకి ఓడ బయల్దేరాలి. మా వీధిలో మగవాడు ఓడెక్కే రోజున ఆడవాళ్లు బట్టలుతకరు, రేవు దగ్గరికి రారు, చెయ్యి ఊపరు. పేరు పెట్టి పిలిచి చెయ్యి ఊపితే ఆ మనిషిని సముద్రానికి అప్పజెప్పినట్టే. అలాంటివాణ్ణి ఏ కెప్టెనూ ఎక్కించుకోడు. గుర్రప్పందాలు మొదలయ్యే వేళకి థిర్జా ఉతికిన దుప్పట్లు వీధికి అడ్డంగా ఆరేసి, రేవు వైపు నడిచింది. నేను దుకాణం మూసి వెనకాలే పరుగెత్తాను.

రేవు అంచున నిలబడి, "నెవిల్ స్టాథర్స్, పోయిరా నాయనా," అని గొంతెత్తి చెయ్యి ఊపింది. డెక్కు మీద పనులన్నీ ఆగిపోయాయి. కెప్టెన్ ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

"ఆ కుర్రాణ్ణి దింపండి," అన్నాడు.

సంచి వచ్చి రాళ్ల మీద పడింది. వెనకే నెవిల్ దిగాడు, మొహం కందగడ్డలా ఉంది. "ఇక నువ్వు నాకు ఎవరివీ కావు," అన్నాడు తల్లితో. ఆమె వంగి సంచి తీసుకుంది. ఆ మాట పడటానికి సిద్ధపడే వచ్చింది.

ఒక మనిషి తక్కువయ్యాడు. మూడు వారాలుగా పని లేక రేవులో తిరుగుతున్న మా తమ్ముడు విల్ఫ్ ఒక్క గెంతులో ఓడెక్కాడు. "థిర్జమ్మ పుణ్యమా అని పని దొరికింది అన్నయ్యా," అని నవ్వాడు. నేనూ సంతోషించాను. వాడి బాధ ఇంట్లో పడలేకపోతున్నాం మరి.

శుక్రవారం పదకొండింటికి ఆమె అద్దం దగ్గరికి వచ్చింది. నేను తెరలకి వీపు పెట్టి, గుమ్మంలో నిలబడి వేళాకోళం మొదలుపెట్టాను. "ఇంకేం, నీ అయిదోవాడు దిగిపోయాడుగా?"

ఆమె నా భుజం మీదుగా తెర వైపే చూస్తోంది. ఉన్నట్టుండి లోపలికి వచ్చి, ఏప్రన్ రెండు చేతులా పట్టుకుని తెరకి అడ్డంగా చాపింది.

"చూడకు హోరేస్."

నెట్టేశాను. దుకాణంలో ఆరు సెట్లున్నాయి. ఆరింటిలోనూ అయిదుగురున్నారు. నలుగురు వీపు పెట్టి ఉన్నారు. అయిదోవాడు పూర్తిగా మా వైపు తిరిగి ఉన్నాడు. మా విల్ఫ్.

ఓడకి వైర్‌లెస్ ఉంది, వెనక్కి పిలవండని రేవు ఆఫీసుకి పరుగెత్తాను. ఎందుకని అడిగారు. చెప్పాను. వాళ్లు జాలిగా చూసి కుర్చీ వేశారు. మూడు వారాల తర్వాత ఓడ జాడ లేదని ఆరింటి వార్తల్లో చెప్పారు.

ఆ రాత్రే థిర్జా మా ఇంటికి వచ్చింది. "నా కొడుకు తప్పుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండిపోతుందనుకున్నాను," అంది.

"విల్ఫ్ ఎక్కుతాడని ముందే తెలిస్తే?" అని అడిగాను.

తారు అంటిన వేళ్లు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"అప్పుడూ వచ్చి చెయ్యి ఊపేదాన్ని."

బయటికి పొమ్మనడానికి లేచాను. కాని మళ్లీ కూర్చున్నాను. విల్ఫ్ కోసమైతే నేనూ వెళ్లి ఊపి ఉండేవాణ్ణి, ఎవరి బిడ్డ పోయినా సరే.