షెడ్డు వెనక చోటు

మా పిన్ని చిరిగిన గుడారాలు కుడుతుంది. సంచులు, వాన కోట్లు కూడా తీసుకుంటుంది కానీ ఆవిడకి పేరు తెచ్చింది గుడారాలే. ఉత్తరాన, బస్సు దిగాక కూడా ఇంకా చాలా దూరం నడవాల్సిన కొండసీమ ఒకటుంది. సెలవుల్లో జనం అక్కడికి ఎగబడి వెళ్తారు, గుడారాలు చింపుకుని వస్తారు. విప్పి దులిపితే గడ్డిగింజలూ నల్లమట్టీ రాలతాయి. చిరుగు చూసి గాలి ఎటునుంచి కొట్టిందో పిన్ని ఇట్టే చెప్పేస్తుంది. ఇరవై రెండేళ్లుగా చెబుతోంది. ఆ కొండల మొహం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఈ ఏడు చూస్తానంది. అదీ సీజన్‌లో కాదు, చలి మొదలై జనమంతా దిగిపోయాక. మా అమ్మ "బిగుసుకుపోతావే, పిచ్చిదానా" అని మొత్తుకుంది. పిన్ని చెవిన వేసుకోలేదు. "సీజన్‌లో నాకు ఊపిరాడని పని అక్కా" అంది. ఆ మాట నిజమే. కాకపోతే అసలు కారణం అది కాదు.

అసలు కారణం మా బాబాయి మోకాలు. నాలుగేళ్ల కిందట దుకాణం బోర్డు బిగిస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. అప్పట్నుంచి ఎడమకాలు మడత పడదు. ఎత్తు స్టూలు మీద కూర్చుని గుడ్డ కత్తిరిస్తాడు, చీటీలు రాస్తాడు, వచ్చినవాళ్లతో జోకులేస్తాడు. నేల మీద పడుకుంటే మాత్రం లేవడం పెద్ద తతంగం. బోర్లా తిరగాలి, మోచేతుల మీద పాకాలి, ఏదో ఒకటి పట్టుకోవాలి. ఈలోగా మొహం ఎర్రగా కందిపోతుంది. గుడారంలో మంచం ఉండదు కదా. పక్క గుడారాలవాళ్లు టీ కప్పులు పట్టుకుని చూస్తుండగా ఆయన అలా బయటికి పాకి రావడం పిన్ని ఊహించుకోలేకపోయింది. ఈ సంగతి నాకు చెప్పింది. ఆయనకు చెప్పలేదు.

ప్లాను మాత్రం పకడ్బందీగా వేసింది. ఆ నెలలో బస్సు వారానికి రెండే రోజులు. కొండల చాటున నాలుగింటికే పొద్దు గుంకుతుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా గుడారం వేసెయ్యాలి. కిందనుంచి చలి ఎక్కకుండా మనిషికి రెండేసి చాపలు. చలికి స్టవ్ గ్యాస్ సరిగ్గా మండదు కాబట్టి ఆ చిన్న డబ్బా కోటు లోపల వెచ్చగా పెట్టుకోవాలి. గుడారాలు వేసే మైదానం చూసుకునే ఆయనకు ఫోన్ చేసి, మ్యాప్ ముందు పరుచుకుని, చిట్టచివర షెడ్డు వెనక చోటు రాయించింది.

"అక్కణ్నుంచి ఏమీ కనబడదమ్మా" అన్నాడాయన.

"మాకు కావలసిందీ అదే" అంది.

బాబాయి స్టూలు మీంచి అంతా విన్నాడు. తర్వాత రెండు రోజులూ ఎవరితోనూ జోకులు వెయ్యలేదు. పనిలో పడి పిన్ని అది గమనించలేదు.

గురువారం మధ్యాహ్నం దుకాణం కట్టేసి, వెనక ఖాళీజాగాలో గుడారం వేసి రిహార్సల్ పెట్టింది. గుమ్మానికి లోపలివైపు, ఆయన పట్టుకుని లేవడానికి వెడల్పాటి పట్టీ ఒకటి కుట్టింది, నాలుగు వరసలు. "ఏనుగు లాగినా ఊడదు" అంది. బాబాయి లోపలికి పాకి, పడుకుని, పట్టీ పట్టుకుని బలంగా లాగాడు. కుట్టు ఊడలేదు. గుడారమే మేకులతో సహా లేచొచ్చి ఆయన మీద పడింది. వచ్చిన ప్రతివాడికీ "గుడ్డని కాదు, ముందు మేకుల్ని చూసుకోండి" అని పాఠం చెప్పే మనిషి, మెత్తటి మట్టిలో బెత్తెడు మేకులు గుచ్చి ఊరుకుంది.

మేడ మీది పళ్ల డాక్టరు దగ్గరికొచ్చినవాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు. బుగ్గ వాచినాయన కూడా నవ్వాడు.

పిన్నికి ఒళ్లు మండింది. "ఏంటి చూస్తున్నారు? మీ పళ్లు మీరు చూసుకోండి!" అని కేకేసింది.

"వాళ్లనెందుకే తిడతావ్?" గుడ్డ కిందనుంచి బాబాయి గొంతు. "చూస్తే చూడనీ. నాకేం కాదు. నామోషీ నీకే కదా."

"నాకా?"

"మరి జనం లేని నెలెందుకు? షెడ్డు వెనక చోటెందుకు? కుంటివాణ్ణి పక్కన పెట్టుకుని నలుగుర్లో తిరగలేకే కదా!"

నేను మేకులు ఏరుతున్నాను. ఏరడం అయిపోయినా ఏరుతూనే ఉన్నాను.

"మీకు సిగ్గేస్తుందేమోనని అండీ" అంది పిన్ని చివరికి, చాలా చిన్నగా.

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"మీరైనా అడగలేదుగా."

ఆయన గుడ్డ తప్పించుకుంటూ మోచేతుల మీద బయటికొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. ఆవిడ వంగి భుజం ఇచ్చింది, పట్టుకుని లేచాడు. కిటికీ నిండా మొహాలే. ఇద్దరూ తలెత్తలేదు.

పిన్ని తిన్నగా లోపలికెళ్లి మైదానం ఆయనకు ఫోన్ చేసింది. చేతులు మట్టిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టింది.

"చోటు మార్చాలండీ. షెడ్డు వెనక వద్దు. దారి పక్కన, బాగా కనబడేలా ఉండేదివ్వండి."

"ఆ వారం మీరు తప్ప ఇక్కడ పురుగు కూడా ఉండదమ్మా. ఎవరికి కనబడాలని?"

పిన్ని, లోపలికొచ్చి స్టూలెక్కిన బాబాయి వైపు చూసింది.

"మా ఆయనకి" అంది.