తెలిసి అడిగే మేడం

మా వాడలో నా మాటను తరుగు తీసి నమ్ముతారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు తేమ ఉందనీ తాలు ఉందనీ తూకంలో ఇంత అని కోసేస్తారు చూడండి, అలాగన్నమాట. ధర్మసాగర్ రిజర్వాయర్లో నేను కాలు పెడితే చేపలు లేచి నిలబడి దారి ఇచ్చాయని చెప్తే, ఏవో రెండు చేపలు పక్కకు జరిగి ఉంటాయని సర్దుకుంటారు. దానికి నాకేం బాధ లేదు. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు ఎన్నో ఏళ్లుగా కథలు చెబుతున్నదాన్ని. కథకు నాలుగు చుక్కలు నూనె పోయకపోతే పిల్లలు నిద్రపోతారు.

తరుగుకు కూడా ఒప్పుకోని మనిషి ఒక్కతే ఉంది. మా ఇంటి వెనక గదిలో అద్దెకున్నవాళ్ల ఆరేళ్ల పిల్ల. వాళ్లు తొర్రూరు దిక్కున ఉన్న ఒక లంబాడీ తండా నుంచి వచ్చారు. తండ్రి మార్కెట్లో హమాలీ. తల్లి మిర్చికి తొడిమలు తీసే పనికి పోతుంది. సాయంత్రం ఆమె వాకిట్లో అడుగు పెడితే మేం ముందు తుమ్ముతాం, తర్వాత పలకరిస్తాం. నేను నా చేపల కథ ఎత్తుకోగానే ఈ పిల్ల గడప మీదికి చేరేది.

"గట్ల గాదు పెద్దమ్మా. చేపలకు కాళ్లుంటయా, లేచి నిలవడెతందుకు?"

ఇక దాన్ని ఆపడం నా తరం కాదు. చేప ఎలా ఈదుతుందో, తండాలో వాళ్ల నానమ్మ మేక ఎవరి చేను మేసి వచ్చిందో, ఆ చేనాయన ఏమని తిట్టాడో అన్నీ వచ్చేవి. తెలుగు చాలకపోతే వాళ్ల ఇంటి మాటలో చెప్పేది. నా మొహం చూసి, అర్థం కాలేదని కనిపెట్టి, మళ్లీ తెలుగులోకి దిగేది.

ఈ పిల్లకు మాట రాదని బడివాళ్లు తేల్చారు.

మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. యూకేజీలో ఏడాదంతా నోరు విప్పలేదట. ఒకటో తరగతికి పంపరట, మళ్లీ యూకేజీలోనే కూర్చోబెడతారట. తల్లి ఆ కబురు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మల్ల గదే క్లాసంటే వీళ్ల నాయిన ఊకోడక్కా. తండాల ముసలామె కాడ ఇడిసిపెట్టొస్త అంటాండు. ఆడికి వోయిందంటే ఇగ బడి లేదు, మేకలెంబడే. నువ్వు జర నాతోని రా."

మర్నాడు ముగ్గురం పోయాం. అడ్మిషన్లు చూసే మేడం చెడ్డ మనిషి కాదు. నా బాధ అదే. చెడ్డదైతే ఇంటికొచ్చి తిట్టుకుని ఊరుకునేదాన్ని. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, గోడకున్న బర్రె బొమ్మ మీద వేలు పెట్టి, తియ్యగా "ఇదేంటమ్మా?" అని అడిగింది. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మేడం ఇంకాస్త తియ్యగా మళ్లీ అడిగింది. "నేను ముట్టలే మేడం" అని గొణిగింది మా పిల్ల.

మేడం నా వైపు తిరిగింది. "చూశారా? బొమ్మ చూపిస్తే ముట్టలేదంటోంది. పాప తప్పేం లేదండీ, హోమ్ ఎన్విరాన్‌మెంట్. తండా నుంచి వచ్చిన పిల్లలు కొంచెం స్లో. ఇంట్లో పేరెంట్స్‌ని ఇంగ్లిష్ మాట్లాడమనండి."

తల్లి అక్కడే ఉంది. ఉన్న మనిషిని వదిలేసి నాకు చెబుతోంది.

"మాకు మా మాటుంది మేడం, తెలుగొస్తది, సేట్లతోని హిందీ మాట్లాడ్త. మూడు సాలవా?" అంది తల్లి, నిజంగానే తెలుసుకుందామని.

అవి లెక్కలోకి రావంది మేడం. వచ్చే వారం ఇంకోసారి చూస్తానని పంపించేసింది.

ఆటోలో దారి పొడుగునా నేనే తిట్టాను, తల్లీ కూతురూ విన్నారు. ఎవరిని తిట్టాలో కూడా తెలియక రోడ్డు మీది గుంతలను తిట్టాను. విషయం ఆ సాయంత్రం నా వాకిట్లోనే తేలింది. పని నుంచి వచ్చిన తండ్రి గడప దగ్గర ఒలికిన బియ్యం చూశాడు. వేలు పెట్టి చూపించి "ఏందిది?" అన్నాడు. పిల్ల చేతులు వెనక్కి పోయాయి. "నేను ముట్టలే."

ఆ ఇంట్లో తెలియనిదే అడుగుతారు. నల్లా వచ్చిందా, తమ్ముడు తిన్నాడా. కళ్లెదుట ఉన్నదాన్ని వేలు పెట్టి చూపించి అడిగారంటే అది విచారణ, తర్వాత దెబ్బ. ఆ ఒక్క ఇల్లే కాదు, రెక్కల కష్టం మీద బతికే మా వాడలో సగం ఇళ్లు అంతే. బియ్యాన్ని బియ్యం అని చెప్పించుకునే తీరిక ఎవరికుంది?

చర్చికి పోయే మా ఇళ్లలో సంగతి వేరు. బైబిల్ కథలో ఓడ ఎవరు కట్టారని మా నాన్న అడిగేవాడు. ఆయనకు తెలుసు, మాకు తెలుసు, చర్చి మొత్తానికి తెలుసు. అయినా గొంతు చించుకుని చెప్పేవాళ్లం, బిస్కెట్ వచ్చేది. మా అన్న మనవడికి పళ్లు రాకముందే ఈ తర్ఫీదు మొదలైంది. వాడూ ఇదే బడి, ఇదే మేడం. పాలు ఎక్కడి నుంచి వస్తాయంటే "ఫ్రిజ్" అని అరిచాడు. దానికి కూడా చేతి మీద స్టార్ వేసి, మంచి ఫ్యామిలీ అని మా అన్నతో అందట. నా మిగతా మాటలకు తరుగు తీసుకోండి గానీ, ఈ ఫ్రిజ్ మాట నిజం. తెలివి కాదది, బిస్కెట్ అలవాటు.

సరే, మా పద్ధతిలోనే నేర్పుదామని కూర్చున్నాను. బిస్కెట్ పక్కన పెట్టి, చెంచా ఎత్తి, ఇదేమిటని అడిగాను.

"నీకు తెల్వదా పెద్దమ్మా?"

తెలుసన్నాను.

"మరెందుకు అడుగుతానవు?"

ఇన్నేళ్ల ఆదివారం బడిలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నేను చెంచా దించేలోగా అది బిస్కెట్ తినేసి వెళ్లిపోయింది. వారమంతా ఇదే తంతు. బిస్కెట్లు అయిపోయాయి, చెంచా చెంచాగానే ఉంది.

రెండోసారి పోయినప్పుడు మళ్లీ అదే గోడ, అదే బర్రె, అదే వేలు. పిల్ల చేతులు వెనక్కి పోతుంటే నాకు ఓపిక చచ్చిపోయింది. "మేక గదా మేడం అది" అన్నాను.

పిల్ల గిర్రున నా వైపు తిరిగింది. "మేకనా? గట్ల గాదు పెద్దమ్మా, బర్రె. మేక కొమ్ములు గంతగనం ఉంటయా? మేకకు గడ్డముంటది. దీనికున్నదా?"

మేడం మొహం ముడుచుకుంది. మధ్యలో అందించకూడదంది. నేనెక్కడ అందించాను, తప్పు చెప్పాను కదా అన్నాను. మీరూ ఒక అబద్ధం చెప్పి చూడండి అన్నాను. పాపం, ఆ మనిషికి అలవాటు లేదు. గొంతు సవరించుకుని, కోడి బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది ఏనుగు" అంది.

మా పిల్ల ఆమెను జాలిగా చూసింది. నా చెవి దగ్గరికి వచ్చి, "ఈమెకు కోడి గూడ తెల్వదా?" అని అడిగింది. తర్వాత మేడం వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "కోడి మేడం. గుడ్లు వెడ్తది."

అయినా ఇలా అసెస్‌మెంట్ చేయలేమంది మేడం. ప్రశ్న అడిగితే జవాబు రావాలట, అబద్ధానికి రాకూడదట. నేను అక్కడే కూర్చుని మధ్యాహ్నం దాకా వాదించాను. నన్ను వదిలించుకోవడానికే కాబోలు, దసరా సెలవుల వరకు ఒకటో తరగతిలో కూర్చోబెట్టి చూస్తానంది. అప్పటికీ మాట్లాడకపోతే వెనక్కే.

ఒకటో తరగతి పాఠం కూడా ఆ మేడందే. కొన్నాళ్లకు పిల్ల జవాబులు చెబుతోందని తెలిసి, ఎలా మారావే అని అడిగాను.

"పాపం ఆ మేడం రోజు అడుగుతది, రోజు మర్సిపోతది. నేను జెప్తాన" అంది.

దసరా ముందు పిలుపు వచ్చింది. తల్లి పని మానుకుంది, నేను మంచి చీర కట్టుకున్నాను. మేడం సంతోషంగా ఉంది. "పాప చాలా ఇంప్రూవ్ అయింది. ఇంట్లో వాతావరణం బాగా మార్చినట్టున్నారు. ఏం చేశారు?"

ఏమీ మారలేదు. తండ్రి ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తాడు, తల్లికి ఇప్పటికీ ఆ మూడు భాషలే. తల్లి నా వైపు చూసింది. ఉన్నమాట చెబితే పిల్ల మళ్లీ యూకేజీకో మేకలకో పోతుందన్న భయం ఆ చూపులో ఉంది. నేను విజృంభించాను. తండ్రి రోజూ అన్నం దగ్గర ప్రశ్నలు వేస్తాడన్నాను. గోడల నిండా చార్టులన్నాను. తల్లి ముద్ద పెడుతూ ఇంగ్లిష్‌లో మాట్లాడుతుందన్నాను. మేడం తల ఊపుతూనే ఉంది. నా జీవితంలో తరుగు తీయకుండా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

"గట్ల గాదు మేడం."

తల్లి కొంగుతో మొహం కప్పుకుంది.

"మా బాపు ఏం అడుగడు. చార్టులు లెవ్వు. మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. పెద్దమ్మకు అబద్ధాలాడకుంటే అన్నం అరుగది."

ఇక అయిపోయిందనుకున్నాను. మేడం ఫక్కున నవ్వి పిల్ల తల నిమిరింది. "చూశారా, ఎంత కాన్ఫిడెన్స్! హోమ్ ఎన్విరాన్‌మెంట్ మారితే ఇలా ఉంటుందండీ."

ఒకటో తరగతి ఖాయమైంది. ఇక నాకు వాదించే ఓపిక లేదు, బయటికొచ్చి ఆటో పిలిచాను. సగం దారిలో తల్లి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"అక్కా, మరి గా చార్టులు ఏడ దొరుకుతయి?"