అక్క విడగొట్టిన షరతు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ప్రోగ్రాములో రాసిన షరతొకటి ఒకే లైనులో రైలుబండిలా సాగి, తెర దాటి ఎక్కడికో పోయింది. చూడగానే నా వేలు ఊరుకోలేక ఎంటర్ మీదికి పోయింది. నలభై దాటినా ఈ చాదస్తం నన్ను వదలలేదు, వదలనక్కర్లేదు కూడా, ఎందుకంటే అది మా మొదటి టీం లీడర్ అక్క అంటించి పోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. అక్కది కరీంనగర్ వైపు. భోజనాల వేళ బ్యాడ్జీ పెట్టుకుని హైటెక్ సిటీ రోడ్డు మీద మానవహారంలో నిలబడి వచ్చేది. నేను భీమవరం నుంచి వచ్చినదాన్ని. ఇద్దరం కాస్త ఆచితూచి మాట్లాడుకునేవాళ్లం. ఒక బంద్ రోజు పొద్దున్నే ఎలాగో ఆఫీసు చేరాను కానీ మధ్యాహ్నానికి బస్సులూ ఆటోలూ ఆగిపోయాయి. నాకేమో ఏడో నెల, ఇల్లేమో ఎక్కడో దూరాన ప్రగతి నగర్‌లో. ఆఫీసుకున్న కొద్ది క్యాబుల్లో ముందు ఎవరిని పంపాలో మా టీం రాసిన ప్రోగ్రామే తేల్చేది. ఆ జాబితాలో అక్క పేరుంది, నా పేరు లేదు. అక్క ఆ ప్రోగ్రాములోని షరతు తెరిచి చూసింది, అంతా ఒకే లైను.

"జర ఆగు, ఫికర్ చెయ్యకు. గింత పొడుగు లైను ఎవరికి సమజైతది? ఒక్కో షరతు ఒక్కో లైనుల పెడ్దాం" అంది.

'మరియు', 'లేదా' అన్నవి లైను మొదట్లోనే కనబడేలా ఒక్కో షరతునూ కిందికి దింపి, వేలు పెట్టి పైకి చదివింది. టీం లీడర్ అయితే, లేదా రాత్రి షిఫ్టు దిగితే, మరియు గర్భిణి అయితే, మరియు ఇల్లు దూరమైతే. అలా విడగొట్టేసరికి తప్పులు మా ఇద్దరికీ ఒకేసారి కనిపించాయి. గర్భిణి ముందు ఉండాల్సింది 'లేదా'. పైగా మొదటి మూడింటినీ కలిపే బ్రాకెట్ లేనందువల్ల, ఇల్లు దూరమవ్వాలన్న నియమం టీం లీడర్లకు తగలడమే లేదు. మొదటిది సరిచేసి ఊరుకుంటే అడిగేవారు లేరు. అక్క బ్రాకెట్ కూడా పెట్టింది. జాబితా మళ్లీ తీస్తే నా పేరు వచ్చింది, ఆమె పేరు పోయింది.

మరి మీరెలా వెళ్తారండీ అన్నాను.

"ఖాజాగూడ ఎంత దూరం? నడుసుకుంట పోత. నువ్వు ఎక్కు."

క్యాబ్ కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, చున్నీ తలమీద కప్పుకుని ఎండలో నడిచిపోతోంది. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు ఎవరి కార్లు వారికున్నాయి, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని, ఎవరు ఎలా ఇల్లు చేరారో అడిగే అవసరమే లేదు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ తన సీటు పోతుందని తెలిసీ బ్రాకెట్ పెట్టిన మనిషి పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన ఆ రోజులే నాకు కావాలనిపిస్తుంది.