శుక్రవారం ప్రార్థనలో చెప్పని జబ్బు

మా చర్చిలో శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరిగేది. పాలకొల్లు దగ్గర మా పేటలో, రేకుల కప్పు కింద చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ప్రార్థన మొదలయ్యే ముందు పాస్టరమ్మగారు ఒక్కొక్కరినీ ఏం కావాలో అడిగేవారు. కొడుకు పరీక్ష, మొగుడి తాగుడు, మోకాళ్ళ నొప్పులు, ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునేవారు. మా అమ్మ వంతు వస్తే మాత్రం ఎప్పుడూ ఒకటే మాట.

"గ్యాస్ ట్రబులండి."

గ్యాస్ ట్రబులూ కాదు, పాడూ కాదు. అమ్మకు ఏడాదిగా రక్తస్రావం ఆగడం లేదు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, దొడ్లో గుడ్డలు ఉతికేది నేనే కాబట్టి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్నకు చెప్పనివ్వలేదు, డాక్టర్ దగ్గరకు రమ్మంటే రాలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. పొద్దున్నుంచీ రొయ్యల షెడ్డులో నిలబడి తలలు తీసే పని. మధ్యలో కళ్ళు తిరిగితే గోడ పట్టుకుని ఆగేదట. ఈవిడ ఇలాగే పోతుందేమోనని నాకు భయం. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే.

కూడికలో అందరూ కలిసి మా అమ్మ గ్యాస్ మీద పడేవారు. అందులో ఎదురింటి పెద్దమ్మ గొంతు అందరికన్నా పైన వినబడేది. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, ఆ వాయువును పేరు పెట్టి మరీ గద్దించేది. పెద్దమ్మ కూడా ఆ రొయ్యల షెడ్డులోనే చేసేది. మర్నాడు పనికి వెళ్తూ గ్లాసుతో వాము నీళ్ళు తెచ్చి ఇచ్చేది. అమ్మ బుద్ధిగా తాగేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"అసలు జబ్బు చెప్పకుండా ప్రార్థన చేయించుకుంటే ఏం లాభమమ్మా?" అన్నానొకసారి.

"దేవుడికి నేను చెప్పాలా ఏంటి? ఆయనకి తెలీదా?" అంది బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "ఆవిడ చెప్పిందా? ఎనక నుంచొచ్చి చెంగు ముట్టుకుంది. బాగైపోయింది."

ఆవిడంటే సువార్తలో ఆవిడ. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పెట్టేసి, చివరకు జనంలో దూరి యేసు వస్త్రపు చెంగు ముట్టుకున్నావిడ. అమ్మకు చదువు రాదు. ప్రసంగాల్లో విన్న ఆ కథంటే ప్రాణం. చెంగు ముట్టుకోవడం, జబ్బు పోవడం, ఆమెకు కథ అక్కడితో అయిపోయింది.

నేను బైబిలు తీసి మిగతాది చదివాను. నన్ను ముట్టుకున్నదెవరని ఆయన ఆగిపోయాడు. ఇంతమంది తోసుకుంటుంటే ఎవరని చెప్తామన్నారు శిష్యులు. ఆయన కదల్లేదు. ఆవిడ వణుకుతూ వచ్చి, కాళ్ళ దగ్గర పడి, ఉన్నదంతా చెప్పేసింది. కుమారీ అని పిలిచి, సమాధానంగా, మనసు నెమ్మదితో వెళ్ళమన్నది ఆ తర్వాతే.

అమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి.

"అంతమంది మగాళ్ళ ముందా?"

"అంతమంది ముందే."

"చాల్లే. లోపలికెళ్ళి నీ పాఠాలు చదువుకో."

ఆ శుక్రవారం పాస్టరమ్మగారు అడిగినప్పుడు, అమ్మ చాప వంక చూస్తూ చెప్పేసింది. "గ్యాస్ కాదండి. ఏడాది నుంచి బ్లీడింగ్ ఆగట్లేదండి. సిగ్గేసి చెప్పలేదు."

పాస్టరమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ప్రార్థన చేద్దామమ్మా. సోమవారం కాకినాడ పెద్దాసుపత్రికి కూడా వెళ్దాం. నేనొస్తాను," అన్నారు.

అప్పుడు ఎదురింటి పెద్దమ్మ, "నన్నూ తీసుకెళ్ళండి అమ్మగారూ," అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ముట్లు ఆగి ఎన్నో ఏళ్ళయ్యాక మళ్ళీ రక్తం కనబడుతోందనీ, అది మొదలై రెండేళ్ళు దాటిందనీ సోమవారం కాకినాడ బస్సులో చెప్పింది.

అమ్మకు గర్భసంచిలో గడ్డలు. ఆపరేషన్ చేసి తీసేశారు. పెద్దమ్మది క్యాన్సర్. బాగా ముదిరాక తీసుకొచ్చారన్నారు. ఎండాకాలం రాకముందే పోయింది.

ఆవిడకు విశ్వాసం చాలలేదని చర్చిలో ఒకరిద్దరు గుసగుసలాడారు. అది అమ్మ చెవిన పడింది. ఆదివారం ఆరాధనలో, మగవాళ్ళంతా ఉండగా, సాక్ష్యం చెప్తానని లేచి నిలబడింది.

"నన్ను దేవుడు బాగుచేశాడండి. డాక్టరమ్మ చేత చేయించాడు. పెద్దక్కకి విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటే నేనూరుకోను. తన ఒంట్లో అదే బాధ పెట్టుకుని, వారం వారం నా పొట్ట మీద చెయ్యేసి ప్రార్థన చేసింది. నేను మొదటి శుక్రవారమే నిజం చెప్పుంటే, ఆవిడా ఆ రోజే చెప్పుకునేదండి."