ఆడి పోనీ, ఆవణి రానీ

మనిషన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలో నవ్వులపాలవుతాడు. నేను నలుగురితో సరిపెట్టుకోలేదు. షామియానా వేయించి, కుర్చీలు తెప్పించి, వీధంతటినీ పిలిచి మరీ అయ్యాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మీ కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

కోయంబత్తూరు పక్కన తుడియలూరులో, మా తెలుగువాళ్ల వీధిలో, నీళ్ల మోటార్ల పని తెలియని ఇల్లు లేదు. మా రంగసామి మామ వర్క్‌షాప్‌లో చాలాకాలం లేత్ ముందు నిలబడ్డ నేను, ముప్పై నిండకముందే బయటికొచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత మోటారు ఒకటి చేశాను. దాని గొప్ప ఒక్కటే, చప్పుడు చేయదు. పక్కనే చాప వేసుకుని నిద్రపోవచ్చు. ‘నిశ్శబ్ద గంగ’ అని పేరు కూడా పెట్టుకున్నాను.

మామ పందెం వేశాడు. "దీపావళి లోపల నీ మోటారు నాలుగు బావుల్లో నీళ్లు తోడనీ, నీ దారిన నువ్వు పో. లేదంటే మళ్లీ వచ్చి నా లేత్ ముందర నిలబడాల. సరేనా?"

"సరే మామా" అన్నాను. నాదంటూ ఒక మోటారు!

మోటారు ఆషాఢంలోనే తయారైంది. కానీ నాకొక ఎత్తుగడ తట్టింది. మామ కూడా కొత్త మోటారు తెస్తున్నాడని విన్నాను. అది ముందు రానీ, దాని రొదకు ఊరి చెవులు గింగురుమననీ. అప్పుడు నాది జోలపాటలా మెల్లగా దిగుతుంది. అందాకా దిష్టి తగలకుండా దానిమీద పట్టుపంచె కప్పి, ముహూర్తం దాకా ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రాలు ఎంత హాయిగా ఉండేవని! పంచె ముందు ఊదుబత్తి వెలిగించి, కుర్చీలో వాలి, కళ్లు సగం మూసేవాణ్ని. పొగ రేకుల కిందుగా తేలుతూ పోయేది, దానితోపాటు నేనూ తేలేవాణ్ని. ఒట్టన్‌చత్రం కూరగాయల రైతులు లారీలు కట్టుకుని నా గుమ్మం ముందుకు వచ్చేవారు. అవినాశి గుడి తేరంత ఎత్తున నా ఫోటో లేచేది. ఫోన్లో రోజూ "వస్తోంది..." అని స్టేటస్ పెట్టేవాణ్ని. వీధిలో ఎదురైనవాళ్లు "మోటారు బాగుండాది శీనూ" అనేవాళ్లు. చూడకుండానే ఇంత కీర్తా అని మురిసిపోయాను. వెర్రి వేయి విధాలంటారు, నాది వెయ్యిన్నొకటోది.

మా ఇంట్లో ఒక్క మనిషికే ఇది నచ్చలేదు. అమ్మను, మామను కన్న మా అవ్వకు.

"ఆషాఢం పోయిండాదే కణ్ణూ, ఇంకా ఏమిటికి మూసిపెట్టిండావు?"

"ఊరికంతా ఇంకా తమిళ ఆడి మాసమే అవ్వా. ఆడిలో ఎవురన్నా మొదలుపెడ్తారా?"

ఆడి పోయి ఆవణి వచ్చింది. మంచి నెల. కానీ మామ మోటారు రాలేదు, నేనూ కదల్లేదు.

"ఇప్పుడేమి?"

"భాద్రపదం వచ్చేసిండాది అవ్వా. మన లెక్కకి ఆగదు, మంచి నెల కాదు."

"అదీ పోయె కదరా!"

"ఇంకా పురట్టాసి ఉండాదే. తమిళ లెక్కకి ఆగదు."

తరతరాలుగా రెండు పంచాంగాల మధ్య బతుకుతున్నవాళ్లం. ఒకటి పొమ్మన్న రోజున రెండోది ఆగమంటుంది. వాయిదా వేయాలనుకున్నవాడికి ఇంతకన్నా వరం ఏముంది?

"నీళ్లు తోడని మోటారు ఏమిటికిరా? నవరాత్రి కొలువులో బొమ్మగా పెట్టేదానికా?" అని అవ్వ విసుక్కుని వెళ్లిపోయింది.

చివరికి దీపావళి మూడు రోజుల్లోకి వచ్చేసింది. ఇక తప్పక సభ పెట్టాను. మామ ముందు వరసలోనే కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఇదిగో నిశ్శబ్ద గంగ!" అంటూ పంచె లాగాను.

కింద తవుడు మూట. దానిమీద ఇంత లావు బూడిద గుమ్మడికాయ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. మా అవ్వ తడుముకోలేదు. వక్క నములుతూ నిమ్మళంగా చెప్పింది. "మోటారు పక్కింటి రాజమ్మ బావి కాడ ఉండాది కణ్ణూ. మల్లెచెట్లు వాడిపోతాండె. సుమ్మా, ఊరికే పడుండే మోటారే కదా అని ఇచ్చినా."

"ఎప్పుడు?"

"ఆడిలోనే. ఆడనించి కరేపాకు తోటకి పోయె, ఆడనించి టీచరమ్మ ఇంటికి. మళ్లీ రాజమ్మ కాడికే వచ్చె."

"పక్కింటి బావిలో తోడుతుంటే నాకు వినబడలేదే!"

"అది చప్పుడు చేయదని నువ్వే కదరా చెప్పిండావు!"

షామియానా ఎగిరిపోయేలా నవ్వారు. మూడు నెలలు గుమ్మడికాయకు ఊదుబత్తి వెలిగించిన మహానుభావుణ్ని నేను. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అప్పుడు మామ లేచాడు.

"నాలుగో బావి మాదేరా. మా మోటారు కాలిపోయిన దినం అమ్మ తెచ్చి పెట్టె, వారం వాడినాము. దాన్ని చూసినాక నా కొత్తది బయటపెట్టేదానికి నాకే సిగ్గయింది. నాలుగు బావులూ అయిపోయె. పందెం నువ్వే గెలిచినావు, పో."

ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. నేను కలలు కంటూ కూర్చుంటే, అవ్వ నా పందెం గెలిచిపెట్టింది. ఒక్క ‘నిశ్శబ్ద గంగ’ అన్న పేరు మాత్రం నిలవలేదు. అప్పటికే వీధివీధంతా దాన్ని ‘అవ్వ మోటారు’ అనడానికి అలవాటుపడింది. ఈనాటికీ ఆ పేరుతోనే అడిగి కొనుక్కుపోతారు.

కాబట్టి ఊదుబత్తి సాక్షిగా, గుమ్మడికాయ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ శుభకార్యాన్నీ ఎత్తుగడ పేరుతో వాయిదా వేయను. నిజానికి ఈ ప్రతిజ్ఞను సంక్రాంతికి తై నెల రానిచ్చి, మంచి ముహూర్తం చూసి, పదిమందిలో ప్రకటిద్దామనుకున్నాను. అవ్వ నిన్ననే వీధంతా చెప్పేసి వచ్చింది.